పోరంబోకు గారి పరిరక్షణ కమిటీ

తెలుగులో ఒక మనిషిని పట్టుకుని ‘పోరంబోకు’ అంటే ఆ సాయంత్రానికి పెద్దమనుషులు కూర్చోవలసి వస్తుంది. అదే మాట రెవెన్యూ రికార్డుల్లో, ఎవరి పట్టాలోనూ లేని సర్కారు నేల అనే అర్థంలో, ఒక ఏరును అంటే ఎవరికీ పట్టదు. బుడమేరు పారే నేలకు ‘వాగు పోరంబోకు’ అని తాతల నాటి నుంచి పేరు. ఇన్నేళ్ళుగా ఆ మాట పడుతున్నా ఏరు ఏ కార్యాలయానికీ వెళ్ళి అర్జీ పెట్టుకోలేదు. 2005లో ఒకసారి, 2024లో ఒకసారి నేరుగా ఇళ్ళకే వచ్చి మాట్లాడింది.

ఈ వ్యాసం మాత్రం బుడమేరు గురించి కాదు, బుడమేరును కాపాడుతున్న మా గురించి. విజయవాడలో సింగ్ నగర్ అవతల ఉన్న మా కాలనీకి ఒక బుడమేరు పరిరక్షణ కమిటీ ఉంది. అధ్యక్షుడు, ఇద్దరు ఉపాధ్యక్షులు, కార్యదర్శి, ఇద్దరు సహాయ కార్యదర్శులు, కోశాధికారి, పదకొండుమంది కార్యవర్గం, ముగ్గురు సలహాదారులు. మామూలు సభ్యులు ఇంకా చేరలేదు. నేను కార్యవర్గంలో ఉన్నాను కాబట్టి మా కృషిని పొగిడే హక్కు నాకుంది. ఈమధ్య కొందరు కుర్రాళ్ళు కమిటీ ఏమీ చేయలేదని మిల్లు గోడ మీద రాశారు కాబట్టి పొగడవలసిన అవసరం కూడా వచ్చింది.

ముందు ఏరు వివరాలు చెప్పాలి. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుడుతుంది. వెలగలేరు మీదుగా దిగి, విజయవాడ ఉత్తరపు అంచును ఒరుసుకుంటూ, ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కిందుగా సొరంగంలో దూరి, గన్నవరం, నందివాడ పొలాల వెంట పోయి కొల్లేరులో పడుతుంది. బుడమకాయంత ఏరు కాబట్టి బుడమేరు అయిందని మా కమిటీలోని తెలుగు మాస్టారి వ్యుత్పత్తి. పూచీ ఆయనది. వేసవిలో చూస్తే ఆ మాట నిజమేననిపిస్తుంది. గేదె దిగితే కడుపు కూడా తడవదు.

కమిటీ మొదటి సమావేశంలోనే ఒక ప్రమాదం తప్పింది. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఇంజినీరుగారొకరు సలహాదారుగా ఉన్నారు. ఆయన లేచి, ‘ఏరంటే మీకు వంతెన మీద నుంచి కనబడే నీళ్ళు కావండీ. ఆ నీళ్ళు ఏయే కొండల మీద పడి, ఏయే గుట్టలు, చెరువులు, చేలు దాటి వస్తాయో అదంతా కలిపితే ఏరు. కాపాడితే ఆ పరివాహక ప్రాంతమంతా కాపాడాలి’ అన్నారు. సభలో నిశ్శబ్దం. కోశాధికారి లెక్క వేసి, ఇంటికి వంద రూపాయల చందాతో అంత పెద్ద ఏరును పోషించడం కుదరదని తేల్చాడు. కాబట్టి రేషన్ డిపో సందు చివర నుంచి వంతెన దాకా, అరకిలోమీటరు బుడమేరును మాత్రమే కాపాడాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. మిగిలిన ఏరును ఎవరి కాలనీ వాళ్ళు చూసుకోవాలి. ఇంజినీరుగారు ఆ రోజు నుంచి సలహాలు ఇవ్వడం మానేశారు. సలహాదారుగా మాత్రం కొనసాగుతున్నారు.

మా కాలనీ ఏరు మీద కట్టారని కొందరి అపవాదు. దీనికి నా దగ్గర కాగితాలతో సహా సమాధానం ఉంది. మా స్థలాలకు రిజిస్ట్రేషన్ దస్తావేజులున్నాయి, అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద డబ్బు కట్టిన రసీదులున్నాయి, కరెంటు మీటర్లున్నాయి, ఇంటి పన్ను కడుతున్నాం, ఓట్లున్నాయి. బుడమేరుకు వీటిలో ఒక్కటీ లేదు. ఒక్క ఏడాది ఆస్తి పన్ను కట్టిన దాఖలా చూపించమనండి. పత్రాలున్నవాడు ఒక పక్క, వర్షాకాలంలో తప్ప ఊళ్ళో కనబడనివాడు ఇంకో పక్క. ఏ కోర్టు ఎవరి మాట నమ్ముతుంది? ఏరు పుట్టి ఎంతకాలమైందో నాకు అనవసరం. మా బిల్డరు వెంచరు వేసింది ఎండాకాలంలో. అప్పుడు అక్కడ ఏరు లేదు. మా బావమరిది సాక్షి.

2024 ఆగస్టు ఆఖరున ఏం జరిగిందో తెలియనివాళ్ళు ఉండరు. అయినా మా మినిట్సు పుస్తకంలో ఉన్న కథనం వేరుగా ఉంది కాబట్టి అసలు కథ ఒకసారి చెప్పుకోవాలి. వెలగలేరు దగ్గర ఒక రెగ్యులేటరు ఉంది. ఎగువ నుంచి వచ్చే నీళ్ళను అక్కడ ఆపి, డైవర్షన్ ఛానల్ అనే కాలువలోకి మళ్ళించి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుపుతారు. ఊరి మీదికి రావలసిన ఏరును పక్కదారి పట్టించే ఏర్పాటు అన్నమాట. మంచి ఏర్పాటే. ఒక్కటే చిక్కు. కృష్ణ తానే పొంగి ఉన్నప్పుడు ‘ఇంకొంచెం పుచ్చుకో అమ్మా’ అంటే పుచ్చుకోదు, తోసేస్తుంది. ఆ రెండు మూడు రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కొండల మీద వాన ఆగలేదు. ఛానల్ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సెప్టెంబర్ 1 ఆదివారం నాడు మేము టిఫిను సంగతి ఆలోచిస్తుండగా నీళ్ళు వీధిలోకి, వీధి నుంచి వరండాలోకి, వరండా నుంచి వంటింట్లోకి వచ్చాయి. గండ్లు పూడ్చడానికి సైన్యం రావలసి వచ్చింది. ఇనుప వల బుట్టల్లో రాళ్ళు నింపి దించారు. తర్వాత ఇళ్ళలో పేరుకున్న బురద కడగడానికి ఫైరింజన్లు వచ్చాయి. నిప్పు ఆర్పే బండి నీళ్ళ బాధితుల ఇంటికి నీళ్ళు తేవడం చూసి మా తెలుగు మాస్టారు ఇది విరోధాభాసాలంకారం అన్నారు. ఆయన పుస్తకాలన్నీ అప్పటికే ఉబ్బి అట్టలు ఊడిపోయాయి. అయినా అలంకారం పట్టు తప్పలేదు.

మినిట్సు పుస్తకంలో ఇదంతా ‘అనుకోని అతిథి రాక’ అనే శీర్షిక కింద రెండు వాక్యాల్లో ఉంది. అప్పటికి కార్యదర్శి మనసు కుదుటపడలేదు. క్షమించాలి.

వరద తర్వాత మా కాలనీలో కొత్త కులాలు రెండు పుట్టాయి. కింది అంతస్తు మునిగిన ఇంటికి ప్రభుత్వం 25,000 రూపాయలు, పై అంతస్తుల్లో ఉన్నవాళ్ళకు 10,000 రూపాయలు ప్రకటించింది. అంతకుముందు ఒకే మెట్లు ఎక్కి దిగిన మనుషులు ఆ మర్నాటి నుంచి ‘పాతికవేలవాళ్ళు’, ‘పదివేలవాళ్ళు’ అయ్యారు. నేను మొదటి అంతస్తు, అంటే పదివేలవాణ్ణి. మూడు రోజులు కింది ఇంటివాళ్ళు ఎనిమిదిమంది మా రెండు గదుల్లోనే ఉన్నారు. ఉన్న బియ్యం కలిసి వండుకున్నాం, పడవలో వచ్చిన పాల ప్యాకెట్లు పంచుకున్నాం. ఆ మూడు రోజుల్లో మాట తేడా రాలేదు. తేడా డబ్బు బ్యాంకులో పడిన రోజు వచ్చింది. కమిటీలో ఇప్పటికీ ఏ తీర్మానం పెట్టినా పాతికవేలవాళ్ళు ఒక పక్క, పదివేలవాళ్ళు ఒక పక్క. బుడమేరులో ఎంత ఎత్తు నీళ్ళను ‘వరద’ అనాలి అనే విషయం మీద రెండు వర్గాలకు అంగీకారం కుదరక నాలుగు సమావేశాలు పోయాయి. వాళ్ళు మోకాలి లోతు అంటారు. నా అభిప్రాయం ప్రకారం మొదటి అంతస్తు గచ్చు తాకనంత వరకు అది వాన మాత్రమే.

అన్నీ మాటలేనా, పని ఏమైనా చేశారా అని మీరు అడగవచ్చు. చేశాం. ఒక ఆదివారం గుర్రపుడెక్క తొలగించే శ్రమదానం పెట్టాం. గుర్రపుడెక్క బ్రెజిల్ వైపు నుంచి వచ్చిన మొక్క. మా అరకిలోమీటరు ఏరులో ఇప్పుడు నీటి కంటే అదే ఎక్కువ. ఊదారంగు పూలు పూస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది, కింద నీటికి వెలుతురు, గాలి తగలనివ్వదు. వచ్చింది తొమ్మిదిమంది. ముగ్గురు నీళ్ళలోకి దిగారు, ఆరుగురు ఫోటోలు తీశారు. ఫోటోల్లో మాత్రం తొమ్మిదిమందీ దిగినట్టే ఉంది. ఆ నేర్పు మా సహాయ కార్యదర్శిది. లాగిన మొక్కలను ఒడ్డున చక్కగా కుప్పలు పోసి, కుప్ప ముందు నిలబడి ఇంకో ఫోటో దిగి, ఉప్మా తిని ఇళ్ళకు వెళ్ళాం. ఎత్తిపోసే బండి రేపు వస్తుందన్నారు. బండి కంటే ముందు వాన వచ్చింది. కుప్పలు మళ్ళీ ఏట్లోకి జారాయి. పదిహేను రోజుల్లో ఊదాపూలు. మా కృషి వల్ల మొక్కలకు చోటు మారిందే తప్ప ప్రాణహాని జరగలేదని గర్వంగా చెప్పగలను.

తర్వాతిది నీటి పరీక్ష. ఇది శాస్త్రీయమైన పని కాబట్టి కెమిస్ట్రీ లెక్చరరుగారికి అప్పగించాం. నలుపు తెలుపు రంగులు వేసిన పళ్ళానికి తాడు కట్టి నీళ్ళలోకి దించి, అది ఎంత లోతులో కనబడకుండా పోతుందో చూసి నీటి తేటదనం కొలుస్తారట. ప్రపంచంలో చాలా చోట్ల చెరువుల దగ్గర మామూలు జనమే ఈ పని చేస్తారని ఆయన చెప్పారు. కోశాధికారి ఇంటి నుంచి స్టీలు పళ్ళెం తెచ్చి రంగులు వేశాం. జానెడు దిగేసరికి పళ్ళెం కనబడలేదు. తాడు లాగితే రానూ లేదు. గట్టిగా లాగితే పళ్ళానికి బదులు పరుపు ముక్క వచ్చింది. కోశాధికారి భార్య ఇప్పటికీ ప్రతి సమావేశానికీ వచ్చి పళ్ళెం సంగతి అడుగుతుంది. కమిటీ మీద ప్రజలు పెట్టిన నిఘా ఏదైనా ఉందంటే అది ఆవిడే.

నీటిలో కరిగిన ప్రాణవాయువు కూడా చూశాం. చేపలు హాయిగా బతకాలంటే లీటరు నీటికి నాలుగైదు మిల్లీగ్రాములైనా ఉండాలి. మా సీసాలో రంగు మారవలసిన చోట మారలేదు. లెక్చరరుగారు తల పట్టుకున్నారు. అధ్యక్షులవారు మాత్రం ధైర్యం చెప్పారు: ‘చేపలు లేవు కాబట్టి చేపలు చచ్చిపోయే ప్రమాదం కూడా లేదు. అలాగే రాయండి.’ రాశాం. మర్నాడు వంతెన కింద ఒక కుర్రాడు గాలంతో మూరెడు కొరమేనును పట్టాడు. కొరమేను నీటిలో గాలి చాలకపోతే పైకి వచ్చి మనలాగే పీల్చుకుంటుంది. ఆ విషయం నివేదికలో లేదు. నివేదికకు విరుద్ధంగా బతుకుతున్న చేప గురించి ఏం చేయాలో నియమావళిలోనూ లేదు.

మురుగు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడానికి ఒక ఉపసంఘం వేశాం. వాళ్ళు ఏరుకు ఎగువకు చూశారు, దిగువకు చూశారు. పక్కకు చూడలేదు. పక్కన మా కాలనీ పైపు ఉంది. దాని నోటి దగ్గరే నమూనా సీసా నింపుతున్నామని లెక్చరరుగారు మూడో నెలలో గమనించారు. సాంకేతిక కారణాల వల్ల నమూనా తీసే చోటును పైపుకు పదిహేను అడుగులు ఎగువకు జరిపాం. ఫలితాలు వెంటనే మెరుగుపడ్డాయి. ఆ మెరుగుదలను గ్రాఫు గీయించి కాలనీ ఆర్చి దగ్గర ఫ్లెక్సీ కట్టాం.

నీటిమట్టం కొలిచే గేజీ మా కమిటీకి శాశ్వతమైన పేరు తెచ్చింది. వంతెన స్తంభం మీద అడుగులు గుర్తులు వేయించి, రోజూ ఉదయం సాయంత్రం ఎవరో ఒకరు చూసి రాయాలి, అంతే. పెయింటరుకు మాట్లాడి వేయించాం. వాన పడిన రోజు సాయంత్రం అంకె పన్నెండు. మర్నాడు పది. ఆ మర్నాడు ఎనిమిది. నీళ్ళు తగ్గుతున్నాయని వారంరోజులు ధీమాగా ఉన్నాం. తీరా చూస్తే పెయింటరు పైనుంచి నిచ్చెన దిగుతూ ఒకటి, రెండు, మూడు అని రాసుకుంటూ పోయాడు. సున్నా వంతెన నెత్తిన ఉంది. ‘కింద నుంచి రాయాలని మీరు చెప్పలేదు కదండీ’ అన్నాడు. న్యాయమే. మళ్ళీ రంగు వేయించడానికి నిధులు లేక, నీళ్ళు పెరిగితే అంకె తగ్గుతుందని కాలనీకి కరపత్రం పంచాం. కరపత్రం తిరగేసి చదివినవాళ్ళకు అర్థమైందట.

వంతెన పక్కన రేకుల ఇంట్లో ఒక ముసలావిడ ఉంది. మా గేజీ చూసి నవ్వి, లోపలికి రమ్మని తన గోడ చూపించింది. నడుము ఎత్తున పసుపుతో ఒక అడ్డగీత ఉంది. 2005ది. తర్వాత ఏ సంవత్సరం వాన ఎక్కడి దాకా వచ్చిందో కింద చిన్న చిన్న గీతలున్నాయి. ‘మరి మొన్నటిది ఎక్కడ మామ్మగారూ?’ అన్నాను. ఆవిడ గోడ వైపు చూడలేదు. వీధికి అవతల ఉన్న మేడ రెండో కిటికీ వైపు చెయ్యి చూపించింది. ‘మా గోడ చాలలేదు నాయనా’ అంది.

ఈ గీతలను కమిటీ రికార్డుల్లో చేర్చాలని ప్రతిపాదించాను. పసుపు ప్రామాణికమైన కొలత కాదని వీగిపోయింది.

ఇంజినీరుగారి పోరు పడలేక ఒకసారి వ్యాను కట్టుకుని ఎగువకు కూడా వెళ్ళొచ్చాం. దీన్ని విహారయాత్ర అన్నవాళ్ళున్నారు. పులిహోర తీసుకెళ్ళిన మాట వాస్తవమే. అధ్యయనం ఖాళీ కడుపుతో సాగదు. కొండపల్లి దాటుతుంటే గుట్టలు కొన్ని సగం కొరికి పారేసిన జామకాయల్లా కనిపించాయి. చెట్టూ మట్టీ ఉన్న గుట్ట మీద పడిన వాన కొంత ఇంకి, కొంత నిలిచి, తీరిగ్గా దిగుతుంది. గీకిన గుట్ట మీద పడిన వాన ఎర్రటి బురదను వెంటబెట్టుకుని ఒక్క ఉదుటున దిగుతుంది. ఆ బురదే ఏరు అడుగున పేరుకుని ఏరును మెరక చేస్తుంది. ఇంజినీరుగారు ఇంత చెప్పి ‘ఈ గ్రావెలంతా ఎక్కడికి పోయిందంటారు?’ అని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. 2024 తర్వాత మా కాలనీలో అందరం ఇళ్ళ ముందు మూడేసి అడుగులు మెరక పోయించుకున్నాం. ఆ గ్రావెల్ ఏ కొండదని నేను అడగలేదు. టిప్పరుకు ఎంత అని మాత్రం అడిగాను.

వెలగలేరులో రెగ్యులేటరు దగ్గర షట్టర్లు చూశాం. టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన పాత రోజుల గురించి చెప్పాడు. వెనక కాలువలకు లస్కర్లు ఉండేవాళ్ళట. సైకిలు, టార్చిలైటు, చేతిలో పార. రాత్రిళ్ళు గట్టు మీద నడుస్తూ ఎక్కడ ఎలుక బొరియ ఉందో, ఎక్కడ ఎండ్రకాయ తొలిచిందో, ఎక్కడ గట్టు చెమ్మగిల్లిందో చూసి అప్పటికప్పుడు మట్టి కొట్టి దిమ్మిసా చేసేవాళ్ళట. గండి అంటే ఒక్కసారిగా ఏనుగు దూరినట్టు పడదు, మొదట పందికొక్కు దూరే కన్నమే ఉంటుంది అన్నాడు. మా అధ్యక్షులవారు ఆ మాటలన్నీ శ్రద్ధగా విని, లస్కరు పదవి మన కమిటీలో లేదని గుర్తించి, గౌరవ లస్కరుగా తానే ఉండటానికి అంగీకరించారు. రాత్రిపూట నడవడం ఆయన మోకాళ్ళకు పడదు కాబట్టి అది కేవలం గౌరవ పదవి.

తిరుగు దారిలో ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమానికి వెళ్ళాం. పట్టిసీమలో తోడిన గోదావరి నీళ్ళు పోలవరం కుడికాలువలో వచ్చి, బుడమేరు డైవర్షన్ ఛానల్‌లో పడి, ఇక్కడ కృష్ణలో కలుస్తాయి. గోదావరమ్మకు, కృష్ణమ్మకు ఇక్కడ హారతులిచ్చారు, మెట్లు కట్టారు, సంగమం అని పేరు పెట్టారు. మధ్యలో ఆ పెళ్ళికూతురిని మోసుకొచ్చిన బుడమేరు పేరు ఎక్కడా లేదు. పల్లకి బోయీకి తాంబూలం ఇవ్వని పెళ్ళి నేను ఇదే చూడటం. మా మాస్టారు పోలిక బాగుందని మెచ్చుకుని, తన పేరుతో ఇంకెక్కడో వాడుకున్నారు.

దిగువకు వెళ్ళలేదు. వ్యాను అద్దె పెరుగుతుందన్నారు. దిగువన కొల్లేరు ఉంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు అన్నీ దాంట్లోనే పడాలి. 5వ కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు దాకా, అభయారణ్యం అని 1999లో గీత గీశారు. 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు యంత్రాలతో కొట్టారు. తర్వాత చెరువులు మళ్ళీ వచ్చాయి. నీళ్ళు నిండిన కొల్లేరు ఉప్పుటేరు గుండా సముద్రంలోకి దిగడానికి తంటాలు పడుతుంటే, పైనుంచి మా బుడమేరు వచ్చి తలుపు తడితే ఎవరు తీస్తారు? ఇవన్నీ కొల్లేరువాళ్ళు చూసుకోవలసిన సంగతులని కమిటీ అభిప్రాయం. మా సంగతులు మేము చూసుకోవాలని మైలవరం వాళ్ళ అభిప్రాయమట.

ఇక చివరిగా, మా కమిటీకి వ్యతిరేకంగా నడుస్తున్న ఒక సమాంతర వ్యవస్థను ప్రస్తావించక తప్పదు. కాలనీ మొదట్లో ఇడ్లీ బండి పెట్టుకున్న ఒక పిన్ని ఉంది. ఆమె చెల్లెలిని మైలవరం దగ్గర ఊళ్ళో ఇచ్చారు. అక్కడ కుండపోతగా వాన పడితే చెల్లెలు అక్కకు ఫోను చేస్తుంది. ‘అక్కా, ఇక్కడ వాగు రోడ్డెక్కింది’ అంటుంది. పిన్ని బండి దగ్గరికి వచ్చినవాళ్ళకల్లా చెబుతుంది. అక్కడి నీళ్ళు ఇక్కడికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి, బియ్యం మూట అటక ఎక్కించడానికి, ముసలివాళ్ళను మేడ ఎక్కించడానికి వ్యవధి దొరుకుతుంది. లెటర్‌హెడ్ లేదు, రబ్బరు స్టాంపు లేదు, పదవులు లేవు. అక్కాచెల్లెళ్ళిద్దరి మధ్య ఏరంతా సరిపోయింది. అయినా ఇది పద్ధతి కాదని కార్యదర్శి ఆమెకు నచ్చజెప్పి, ఇక మీదట సమాచారం ఏదైనా రాతపూర్వకంగా కమిటీకి ఇవ్వాలని, కార్యవర్గం పరిశీలించి మూడు రోజుల్లో కాలనీకి తెలియజేస్తుందని చెప్పాడు. పిన్ని తలూపి, ‘చట్నీ ఇంకొంచెం వేయనా బాబూ?’ అంది.

మొన్న రాత్రి పదకొండింటికి పిన్ని ఫోను మోగింది. మైలవరంలో ఆగకుండా పడుతోందట. ఆ కబురు కమిటీకి రాతపూర్వకంగా అందలేదు. అందని సమాచారం మీద కమిటీ చర్య తీసుకోదు. ఆ విషయంలో మాకు రెండో మాట లేదు. అయితే ఎవరి వ్యక్తిగత హోదాలో వాళ్ళు జాగ్రత్త పడటాన్ని నియమావళి నిషేధించలేదు. నేను ఇంట్లో సర్టిఫికెట్ల సంచి తీసి స్కూటరు డిక్కీలో పెట్టుకుని, చప్పుడు చేయకుండా గేటు తీసి, సింగ్ నగర్ ఫ్లైఓవరు మీదికి వెళ్ళాను. పోయిన వరదలో మునగని రోడ్డు అదే.

ఫ్లైఓవరు మీద అధ్యక్షులవారు కారులో ఉన్నారు. కోశాధికారి, ఆయన భార్య, ఆవిడ కొత్త స్టీలు పళ్ళేల సెట్టు ఆటోలో ఉన్నాయి. తెలుగు మాస్టారు రెండు అట్టపెట్టెల పుస్తకాల మీద కూర్చుని ఉన్నారు. ఉపాధ్యక్షులిద్దరూ ఒకరినొకరు చూడనట్టు రైలింగు పట్టుకుని చెరో వైపు చూస్తున్నారు. పాతికవేలవాళ్ళూ పదివేలవాళ్ళూ ఒకే వరుసలో బండ్లు పెట్టుకున్నారు. ఇంజినీరుగారు అందరికంటే ముందే వచ్చి దుప్పటి పరుచుకున్నారు. లెక్కపెట్టి చూస్తే కమిటీ పుట్టిన తర్వాత మొదటిసారి పూర్తి కోరం.

ఇంత మంచి అవకాశం పోగొట్టుకోకూడదని అధ్యక్షులవారు సమావేశం ప్రారంభించారు. కార్యదర్శి సంచిలోంచి మినిట్సు పుస్తకం తీశాడు. కింద వీధుల్లో లైట్లు వెలుగుతున్నాయి. అక్కడ పడుకున్నవాళ్ళకు ఎవరైనా చెప్పారా అని మాస్టారు అడిగారు. అది అజెండాలో లేదని కార్యదర్శి అన్నాడు. అంతలో దిగువ నుంచి ఎవరో తలుపులు తడుతున్న చప్పుడు, ‘లేవండమ్మా, లేవండి’ అని ఆడమనిషి గొంతు వినిపించాయి. ఇడ్లీ పిన్ని వీధి వీధీ తిరుగుతోంది. వెంట మిల్లు గోడ మీద రాసిన కుర్రాళ్ళు కూడా ఉన్నట్టున్నారు.

మొదటి అంశంగా గత సమావేశపు మినిట్సు చదవడం మొదలైంది. రెండో పేజీ దగ్గర చినుకులు పడ్డాయి. సిరా ఊరిపోతుందని పుస్తకం మూసేశాం.